పాల లెక్క

ఆ మధ్య మన క్లబ్ గ్రూపులో ఎవరో అడిగారు, "బర్నౌట్‌ని తెలుగులో ఏమంటారు?" అని. పది నిమిషాల్లో పాతిక సమాధానాలొచ్చాయి. అలసట, నీరసం, విసుగు, విరక్తి. ఒక సీనియర్ అయితే 'దగ్ధావస్థ' అని పెట్టి పక్కన నవ్వే బొమ్మ కూడా పెట్టాడు. నాకు ఏదీ కుదిరినట్టు అనిపించలేదు. అలసట పడుకుని లేస్తే పోతుంది. ఇది పోదు. విరక్తి అంటే మరీ ఇల్లు వదిలి వెళ్ళిపోయేంత పెద్ద మాట.

అమ్మమ్మకి ఫోన్ చేసి, ఇలా ఇలా ఉంటుంది, దీన్ని ఏమంటారు అని వివరించాను. "అడుగంటడం" అంది ఆలోచించకుండానే. గిన్నెలో నీళ్ళు ఇగిరిపోయినా కింద మంట ఆపకపోతే అన్నం అడుగంటుతుంది. ఊరే నీళ్ళ కన్నా తోడే నీళ్ళు ఎక్కువైతే బావి అడుగంటుతుంది. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఈ మాటకి రెండు అర్థాలున్నాయని ఆ రోజే తెలిసింది. గ్రూపులో పెడదామని చూసేసరికి టాపిక్ ఫెస్ట్ టీషర్టు రంగు మీదకి వెళ్ళిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

పందొమ్మిదేళ్ళకే నీకేం అడుగంటింది అని మీరు అడగొచ్చు. మా నాన్న అడిగారు కూడా. రూల్ ప్రకారం చూస్తే ఆయన మాటే రైటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని వివరంగా నిర్వచించినప్పుడు, ఇది జబ్బు కాదు, ఉద్యోగానికి సంబంధించిన ఒక పరిస్థితి అని, జీవితంలో మిగతా విషయాలకి ఈ మాట వాడకూడదని చెప్పింది. అంటే ఆఫర్ లెటర్ వస్తే గానీ మనకి బర్నౌట్ రావడానికి ఎలిజిబిలిటీ లేదన్నమాట. కానీ అదే నిర్వచనంలో మూడు లక్షణాలు చెప్పారు. ఒంట్లో శక్తంతా అయిపోయినట్టు ఉండటం, పని మీద మనసు దూరమై వెటకారం మిగలడం, ఈ పని నేను సరిగ్గా చేయగలను అన్న నమ్మకం తగ్గడం. ఈ మూడూ మా హాస్టల్ థర్డ్ ఫ్లోర్‌లో ఏ తలుపు కొట్టినా దొరుకుతాయి.

నా సంగతే చెప్తా. ఫస్ట్ ఇయర్ అయ్యేసరికి లీట్‌కోడ్‌లో 143 రోజుల స్ట్రీక్ ఉండేది. అందులో చివరి అరవై రోజులు నేను ఏం నేర్చుకున్నానంటే చెప్పలేను. లీట్‌కోడ్‌లో తేదీ మన టైము ప్రకారం పొద్దున ఐదున్నరకి మారుతుంది కాబట్టి, అర్ధరాత్రి దాటాక కూడా ఏదో ఒక ఈజీ ప్రాబ్లమ్ కొట్టి పడుకోవచ్చు అన్న విషయం మాత్రం బాగా నేర్చుకున్నా. ల్యాబ్ రికార్డు సంగతి మీకు చెప్పక్కర్లేదు. కంప్యూటర్‌లో రన్ అయిపోయిన ప్రోగ్రామ్‌ని చేత్తో కాగితం మీదకి ఎక్కించి, ఎదురు పేజీలో అవుట్‌పుట్ కూడా చేత్తోనే రాస్తాం. ఇక హ్యాకథాన్లు. మూడింటికి వెళ్ళాను, మూడింట్లోనూ రైతుల సమస్యే. ఒక్క రైతుతో కూడా మాట్లాడకుండా ఇరవైనాలుగు గంటల్లో సమస్య తీర్చేశాం. రెండోదాంట్లో కన్సొలేషన్ ప్రైజు కూడా వచ్చింది. ఆ యాప్‌ని జడ్జిలు తప్ప ఇంకెవరూ తెరవలేదు.

పని మరీ ఎక్కువై కాదు నాకు ఆ నీరసం. మా నాన్న ఎండలో చేసే పని ముందు ఇదెంత? చేసింది చేసినట్టు ఎక్కడికో వెళ్ళి పడిపోతోంది, అంతే. గిట్‌హబ్‌లో ఒక పచ్చ గడి మిగులుతోంది.

మా మేనత్త కూతురు, నాకు వదిన వరస, హైదరాబాద్‌లో ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసింది. మా ఇళ్ళల్లో "వదినలా చదువుకో" అనేది పెద్ద డైలాగ్. నేను సీఎస్ఈ తీసుకోవడానికి సగం కారణం ఆమే. మొన్న ఏప్రిల్‌లో ఉద్యోగం మానేసి, రెండు సూట్‌కేసులతో ఊరు వచ్చేసింది. మా అత్తయ్య వాళ్ళది ఒంగోలు దగ్గర ఒక పల్లెటూరు. సెలవుల్లో నేనూ అక్కడికి వెళ్ళాను. వదిన పగలంతా పడుకునే ఉండేది. వంటింట్లో కుక్కర్ కూస్తే ఉలిక్కిపడి లేచి ఫోన్ వెతుక్కునేది. ఆన్‌కాల్ వారాల్లో ఏ అర్ధరాత్రైనా అలారం మోగి మోగి, ఇప్పుడు ఏది మోగినా గుండె దడే. అత్తయ్య ముందు ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. తర్వాత ఒంగోలులో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. రెండూ చేసినందుకు నాకు అత్తయ్య మీద గౌరవం పెరిగింది. చాలా ఇళ్ళల్లో మొదటిదానితోనే ఆపేస్తారు. (మీలో ఎవరికైనా నిజంగా భరించలేనట్టు ఉంటే, టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416. ఫ్రీ. తెలుగులోనే మాట్లాడొచ్చు.)

కొన్నాళ్ళకి వదిన కాస్త మాట్లాడటం మొదలుపెట్టింది. వాళ్ళ టీమ్ ఎనిమిది నెలలు కూర్చుని ఒక ఫీచర్ కట్టారట. పైన మేనేజ్‌మెంట్ మారింది. పదిహేను నిమిషాల కాల్‌లో "ఇది ఇక అక్కర్లేదు" అన్నారు. అంతవరకూ ఎక్కడైనా జరిగేదే అనుకోండి. ఆ కోడ్ తీసెయ్యడానికి కూడా ఒక టికెట్ వేశారు. అది వదినకే అసైన్ అయింది. ఎనిమిది నెలల పనిని డిలీట్ చేయడానికి రెండు స్టోరీ పాయింట్లు ఇచ్చారు. "మర్నాడు స్టాండప్‌లో నిన్న ఏం చేశావు అంటే, తీసేశాను అని చెప్పా. గుడ్ అన్నారు" అంది వదిన. నేను నవ్వాను. తనూ నవ్వింది. తర్వాత చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

నేను ఊరుకోకుండా తెలివితేటలు చూపించాను. 2018 ఫిబ్రవరి సంగతి గుర్తుందా అని అడిగాను. 'జ్ఞా' అనే మన అక్షరానికి సంబంధించిన ఒక కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ప్రపంచమంతా ఆ తెలుగు అక్షరాన్ని ఒకరికొకరు పంపుకుని ఫోన్లు ఆపుకున్నారు. ఆపిల్ వాళ్ళు ఐఓఎస్ 11.2.6 వదిలితే గానీ సర్దుకోలేదు. ఎక్కడో అమెరికాలో ఎవరో ఇంజినీరుకి అది మామూలు టికెట్‌లాగే వచ్చి ఉంటుంది కదా, ఆ మనిషికి 'జ్ఞానం' అంటే ఏంటో కూడా తెలిసి ఉండదు, అయినా ఆ పని వల్లే ఇవాళ ఆ కూర్పు వచ్చినా ఫోన్లు ఆగట్లేదు కదా అన్నాను. టికెట్ చూడ్డానికి చిన్నదైనా అవతల మనిషి ఉంటాడు అని నా పాయింట్.

వదిన కాసేపు ఆలోచించి, "ఆ మనిషికి ఫోన్లు ఆగిపోతున్నాయని అయినా తెలుసు కదే. నాకు తెలిసేది టికెట్ నంబర్. ఐదేళ్ళలో నేను చేసింది వాడుతున్న మనిషిని ఒక్కసారి కూడా చూళ్ళేదు" అంది.

సరే, అయితే మందు దొరికింది అనుకున్నా. అవతల మనిషి కనిపించే పని చేస్తే అడుగంటదు. ఇన్‌స్టాలో, లింక్డిన్‌లో అందరూ చెప్పేదీ అదే కదా, నీ పనిలో అర్థం వెతుక్కో అని.

వెతుక్కోవడానికి దూరం వెళ్ళక్కర్లేకపోయింది. అత్తయ్య ఇంటి ముందు గదిలో పాల కేంద్రం నడుపుతుంది. నలభై రెండు ఇళ్ళ వాళ్ళు పొద్దునా సాయంత్రం గేదె పాలు తెచ్చి పోస్తారు. పెద్ద కేంద్రాల్లో మిషనే అన్నీ కొలిచి చీటీ కొట్టేస్తుంది. అత్తయ్యది చిన్నది. వెన్న శాతం చూపించే మిషన్ వరకు ఉంది, లెక్క మాత్రం నోటు పుస్తకమే. ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, ఆ వెన్నకి చార్టులో రేటు ఎంత, గుణిస్తే ఎంత. పదిహేను రోజులకోసారి బిల్లు. నలభై రెండు ఇళ్ళు, రోజుకి రెండు పూటలు, పదిహేను రోజులు అంటే 1260 గుణకారాలు. అత్తయ్య రెండు రాత్రులు క్యాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చునేది. పక్క గదిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ కూతురు గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది. అత్తయ్య కూతుర్ని ఒక్కసారి కూడా అడగలేదు. పండక్కి వచ్చినప్పుడు కూడా ల్యాప్‌టాప్ చూస్తే దానికి కడుపులో తిప్పుతుందట, అందుకే అడగను అంది నాతో.

నేను రాశాను. ఒక హెచ్‌టీఎమ్ఎల్ పేజీ, మూడొందల లైన్ల జావాస్క్రిప్ట్. ఏఐ లేదు, బ్లాక్‌చెయిన్ లేదు, హ్యాకథాన్‌లో అయితే మొదటి రౌండ్‌లోనే పంపించేసేవాళ్ళు. అత్తయ్య ఫోన్‌లో నెట్ లేకపోయినా పనిచేస్తుంది. పేర్లన్నీ తెలుగులో పెట్టాను. అత్తయ్య ఫోన్‌ని పూర్తిగా నమ్మదు కాబట్టి నోటు పుస్తకంలో కూడా రాస్తుంది. మంచిదే, అదే నా బ్యాకప్.

మొదటి బిల్లు రోజు ఒక తాతగారు వచ్చారు. ఆయన ఇంటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసి సొంత లెక్క పెట్టుకుంటారట. ఫోన్‌లో తన పేరు తనే చదువుకుని, మొత్తం చూసి, "కొన్ని రూపాయలు ఎక్కువ చూపిస్తోందమ్మా" అన్నారు. తక్కువొస్తే ఎవరైనా చెప్తారు, ఎక్కువొచ్చిందని చెప్పిన మనిషి ఆయన. పావుగంట కూర్చుని చూస్తే తేలింది. అత్తయ్య ఏ పూటకి ఆ పూట పైసలు వదిలేసి రాసుకునేది. నా ప్రోగ్రామ్ పైసలన్నీ కూడి పదిహేనో రోజు చివర్లో ఒక్కసారే వదులుతోంది. పూటపూటకీ పోతున్న పైసలే ఆ రూపాయలు. ఏది న్యాయం అని ముగ్గురం మాట్లాడుకున్నాం. చివర్లో వదలడమే న్యాయం అంది అత్తయ్య, తన చేతి నుంచి ఇంటికి కొన్ని రూపాయలు ఎక్కువ పోతాయని తెలిసి కూడా. రౌండింగ్ గురించి క్లాసులో నోట్స్ ఉంది నా దగ్గర. ఆ పావుగంట లేకపోతే అది నోట్స్‌గానే ఉండేది.

ఆ రాత్రి నాకు చాలా రోజుల తర్వాత పొద్దున్నే లేచి కోడ్ రాయాలనిపించింది. ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం చాలా బాగుంటుంది. కానీ కాలేజీ తెరిచారు.

జులైలో ఒక రోజు పొద్దున ఐదున్నరకి, సరిగ్గా లీట్‌కోడ్ తేదీ మారే టైముకి, ఫోన్ మోగింది. "అమ్మాయ్, లేచావా తల్లీ? డెయిరీ వాళ్ళు రేటు మార్చారంట. క్యాన్లు వరసలో ఉన్నాయి." చార్టు నా కోడ్ లోపల ఉంది, నేను మారిస్తేనే మారుతుంది. అందరూ పాలు పోయగానే "ఎంతొచ్చింది?" అని ఫోన్ వైపు చూడటం అలవాటు చేసుకున్నారు. హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఇరవై నిమిషాల్లో మార్చి పంపాను. గర్వంగానే ఉంది ఆ రోజు. రెండోసారి అదే ఫోన్ మిడ్ ఎగ్జామ్ రోజు వచ్చింది. స్క్రీన్ మీద 'అత్తయ్య' అని కనిపించగానే నా కడుపులో ఏదో తిప్పింది. ఎత్తాలా వద్దా అని ఒక్క క్షణం చూశాను. కుక్కర్ కూతకి లేచి కూర్చున్న వదిన మొహం గుర్తొచ్చింది. ఎత్తాను, మార్చాను, ఎగ్జామ్‌కి వెళ్ళాను. స్ట్రీక్ ఆ రోజు పోయింది, అది వేరే సంగతి.

అవతల మనిషి కనిపిస్తే చాలు అనుకున్నాను కదా. కనిపించాడు. ఐదున్నరకి క్యాన్ పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాడు.

అదే వారం సెమినార్ టాపిక్ కోసం వెతుకుతుంటే రెండు విషయాలు కనిపించాయి. మొదటిది, 'బర్నౌట్' అనే మాటని సైకాలజీలోకి తెచ్చిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. 1974లో ఆయన దీని గురించి రాసింది విసుగు పుట్టించే ఆఫీసుల గురించి కాదు. న్యూయార్క్‌లో పేదలకి ఉచితంగా వైద్యం చేసే క్లినిక్‌లో మనసు పెట్టి పనిచేసే వాళ్ళ గురించి. ఆయన కూడా పగలు తన ప్రాక్టీసు చూసుకుని రాత్రిళ్ళు అక్కడ పనిచేసేవాడు. అంటే బర్నౌట్ అనే పేరు ముందుగా పెట్టింది, చేసే పనిలో కావలసినంత అర్థం ఉన్నవాళ్ళకే.

రెండోది ఎక్స్‌జెడ్ కథ. ఫైళ్ళని కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ అది. ప్రపంచంలో లైనక్స్ సర్వర్ ఎక్కడుంటే దాదాపు అక్కడల్లా ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి చూసుకుంటున్నది ఫిన్లాండ్‌కి చెందిన లాస్సె కాలిన్, దాదాపు ఒక్కడే, జీతం లేకుండా. 2022లో కొందరు ఆయన మీద పడ్డారు, అప్‌డేట్లు ఆలస్యమవుతున్నాయి, వేరేవాళ్ళకి అప్పగించు అని. ఆయన జవాబులో తన మానసిక ఆరోగ్యం చాలాకాలంగా బాగోలేదని, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టు అని గుర్తుపెట్టుకోమని రాశాడు. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా సాయం చేస్తూ వచ్చారు. నమ్మకం కుదిరింది, హక్కులిచ్చాడు. 2024 ఫిబ్రవరిలో ఆ చేతుల మీదుగానే దొంగ దారి ఉన్న వెర్షన్ బయటికొచ్చింది. అది అందరి సర్వర్లలోకి చేరకముందే, మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు బయటపెట్టాడు. లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేంటి అని ఆయన కొచ్చెన్ చేసుకోవడం వల్ల దొరికింది. ఆ అర సెకను గురించి అందరూ చెప్తారు. సెమినార్‌లో నన్నూ అదే అడిగారు, దొంగ కోడ్ ఎలా దాచారు, ఎలా పట్టుకున్నారు అని. నాకు మాత్రం ఆ 2022 ఈమెయిళ్ళే పదేపదే గుర్తొచ్చాయి. ఇంతమంది వాడే పని, దాని వెనక అలసిపోయిన ఒక్క మనిషి, అతను అలసిపోయానని చెప్పినా కూడా ఒత్తిడి ఆపని వాళ్ళు. జియా టాన్ వెనక ఎవరున్నారో ఇప్పటికీ తేలలేదు. ఎవరైనా గానీ, దాడికి వాళ్ళు ఎంచుకున్నది కోడ్‌లో బగ్‌ని కాదు, ఒక మనిషి అలసటని.

సెమినార్ అయిన రాత్రి నేను వదినకి ఫోన్ చేశాను. కోడ్ నా ఒక్కదాని దగ్గరే ఉంది, ఎగ్జామ్స్ టైములో కుదరట్లేదు, నువ్వు ఒకసారి చూస్తావా అని అడిగాను. అడగడానికి భయమేసింది. కోలుకుంటున్న మనిషి నెత్తిన నా పని పెడుతున్నానా అని. "కుదరకపోతే కుదరదని చెప్పెయ్" అన్నాను. "చూస్తాలే, తొందరపెట్టకు" అంది. మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నేనూ అడగలేదు.

నాలుగో రోజు గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ వచ్చింది. వదిన నా కోడ్‌కి ఏ హంగులూ అద్దలేదు. రేటు చార్టుని కోడ్‌లోంచి బయటికి తీసి ఒక స్క్రీన్‌లో పెట్టింది, అంతే. ఇప్పుడు డెయిరీ వాళ్ళు రేటు మారిస్తే అత్తయ్యే కొత్త అంకె కొట్టుకుంటుంది. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. కమిట్ మెసేజ్ తెలుగులో రాసింది: "రేటు అమ్మే మార్చుకుంటుంది." ఐదేళ్ళలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే అనిపించింది అంది ఫోన్‌లో, దీన్ని నేను లేకుండా ఎలా నడపాలి అని. ఆన్‌కాల్ చేసిన మనిషికే తట్టే డిజైన్ అది. నేనైతే ఇంకో రెండు సెమిస్టర్లు ఐదున్నరకి లేచేదాన్ని.

అయితే వదినకి అంతా బాగైపోయిందని రాయలేను. "ఇది చేస్తుంటే బాగుంది, కానీ దీంతో ఈఎంఐ తీరదు కదే" అంది. దాచుకున్న డబ్బు తరుగుతోంది. నౌకరీలో ప్రొఫైల్ అప్‌డేట్ చేసి రెండు రోజులకే మళ్ళీ దాచేసింది. ఇంటర్వ్యూలో ఈ ఆరు నెలల గ్యాప్ గురించి అడిగితే ఏం చెప్పాలని నన్ను అడిగింది. నాకేం తెలుసు? నాకు ఇంకా ఇంటర్న్‌షిప్పే రాలేదు. "పాల కేంద్రానికి సాఫ్ట్‌వేర్ చేశా అని చెప్పు" అన్నాను. "అది చేసింది నువ్వు కదా" అంది. "ఇద్దరం" అన్నాను.

మొన్న ఆదివారం అత్తయ్య కొత్త రిక్వైర్‌మెంట్ చెప్పింది. కేంద్రంలో అప్పుగా తీసుకున్న దాణా బస్తాల డబ్బు కూడా బిల్లులో కోసుకోవాలట, కానీ ఒకేసారి కోస్తే వాళ్ళకి చేతికేమీ మిగలదు కాబట్టి విడతల్లో కొయ్యాలట, ఎన్ని విడతలో ఇంటింటికీ వేరట. స్పీకర్‌లో వదినా నేనూ ఒకేసారి నిట్టూర్చాం. నాకు మిడ్స్ పదిహేనో తారీఖు దాకా ఉన్నాయి, తర్వాతే చూస్తానన్నాను. వదిన కూడా ఈ వారం వద్దంది. "నాకేం తొందర లేదు, దాణా లెక్క నోటు పుస్తకంలో ఉంది" అని అత్తయ్య ఫోన్ పెట్టేసింది, సాయంత్రం పాలకి టైమైంది.